హ్యూ గారి కోసం కుక్కని ఎంచిన రోజు

మొన్న మంగళవారం మా క్లినిక్‌కి ఒక జంట వచ్చారు. మనవాళ్లే. మా ఊళ్లోనే, బాతెల్‌లో, ఈ మధ్యే ఇల్లు కొనుక్కున్నారట. వెంట ఏడాది దాటిన కుక్క, పొడుగు కాళ్లు, సన్నటి నడుము, బెదురు కళ్లు. "ఇది మాకు సెట్ అవట్లేదు ఆంటీ, ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం. బ్యాక్ యార్డ్‌లో కుందేలు కనిపిస్తే చాలు, ఫెన్స్ దూకి పోతోంది" అన్నాడు అబ్బాయి. అసలు దీన్ని ఎలా ఎంచుకున్నారని అడిగాను. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. "క్యూట్‌గా ఉందని..." అన్నాడు. తెచ్చుకునే ముందు ఎవరినైనా అడిగారా అంటే, "అడిగాం ఆంటీ, ఆన్‌లైన్‌లో అందరూ బాగుంటుందనే అన్నారు" అంది అమ్మాయి. పరిగెత్తడానికే పుట్టిన జంతువుని సోఫా రంగుకి మ్యాచ్ అయిందని తెచ్చుకుని, పరిగెత్తుతోందని వాపసు ఇచ్చేస్తారా? వాళ్లని పావుగంటసేపు చడామడా దులిపేశాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్లు వెళ్లాక నా దగ్గర పనిచేసే అమ్మాయి మెల్లిగా తలుపు వేసి, "మీకు ఇంత కోపం వస్తుందని నాకు తెలీదు" అంది. ఆ కోపం వాళ్ల మీద వచ్చింది కాదు. చాలా పాతది. ఎక్కడిదో, ఎవరి మీదిదో చెప్పాలంటే మేం ఈ ఊరికి వచ్చిన కొత్తల్లోకి వెళ్లాలి.

అప్పట్లో మేం ఉన్నది బాతెల్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. తలుపు తీయగానే కార్పెట్ వాసన, దాని మీద మా పోపు వాసన, రెండూ కలిసి ఏదీ కాని ఒక వాసన. ఇంగువ వేస్తే స్మోక్ అలారం మోగేది. మా ఆయన మురళి స్టూలెక్కి తువ్వాలుతో విసిరేవాడు. పొద్దున ఏడింటికి బ్యాడ్జి మెళ్లో వేసుకుని, పెరుగన్నం డబ్బా పట్టుకుని ఆఫీస్‌కి వెళ్లిపోయేవాడు. ఇక నేను, నాలుగేళ్ల మా అభి, కిటికీ అవతల వాన. నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. కనిగిరి పక్కన ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో మూడేళ్లు చేశాను. అడ్డం తిరిగిన దూడని భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి తీసిన మనిషిని. ఇక్కడ నా పాస్‌పోర్టులో ఉన్నది హెచ్-ఫోర్, అంటే ఫలానా ఉద్యోగి గారి భార్య. పని చేయకూడదు. జీతం లేకుండా చేస్తానన్నా మురళి భయపడేవాడు. "రిస్క్ ఎందుకు? గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నాం. కొన్నాళ్లు ఓపిక పట్టు" అనేవాడు. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. వారం వారం ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనం. అక్కడ మగవాళ్లు వీసా తేదీలు మాట్లాడుకునేవాళ్లు. ఆడవాళ్లలో ఎవరో ఒకరు, "నువ్వు కుక్కల డాక్టర్‌వట కదా" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ పళ్లు నూరేదాన్ని.

ఆ యేడు మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. కనిగిరి దగ్గర పల్లెటూరి మనిషి. తెల్లారి నాలుగున్నరకే లేచి, వంటింట్లో లైటు కూడా వేయకుండా కాఫీ డికాషన్ దించేవారు. ఎండ లేని ఊళ్లో వడియాలు పెడతానని పంతం పట్టి, బాల్కనీలో పాత చీర పరిచి పెట్టారు. మూడు రోజులు వానకి నానినా నాలుగో రోజు మళ్లీ పెట్టారు. నేను కుక్కల జోలికి వెళ్తున్నానని తెలిస్తే ఆవిడ ఏమంటారోనని నాకు లోపల గుబులు.

కుక్కల జోలికి వెళ్లడం ఎలా జరిగిందంటే, మా అపార్ట్‌మెంట్ల వెనక చిన్న పార్కు. అభిని ఉయ్యాల ఊపడానికి తీసుకెళ్తే, ఒక ముసలాయన బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. పక్కన గరుకు బొచ్చు ముసలి కుక్క. అది కుంటే తీరు చూసి ఉండబట్టలేకపోయాను. అడిగి, వంగి, ముందు కాలి వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూశాను. చివరి వేలు కీలు తప్పి ఉంది. "జోరుగా పరిగెత్తే కుక్కలకి వస్తుంది ఇది. డాక్టర్‌కి చూపించండి, నేను వైద్యం చేయకూడదు" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు డాక్టరేగా?" అన్నాడు. ఒకప్పుడు అన్నాను. "ఒకప్పుడు అంటే? మర్చిపోయారా?" అన్నాడు. మర్చిపోలేదన్నాను. "అయితే డాక్టరే" అన్నాడు. ఆ మాట విని నెలలు దాటింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ అభి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, వాడు "అమ్మా, నొప్పి" అన్నాడు.

ఆయన పేరు హ్యూ. వేల్స్ దేశం నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడ పాల ఫారాల్లో పనిచేసి, చివరికి ఫెర్రీ ఎక్కి వెళ్లే ఒక దీవిలో కొంచెం నేల కొనుక్కుని గొర్రెలు పెంచుకుంటున్నాడు. గుండె పరీక్షల కోసం రెండు వారాలకోసారి బాతెల్‌లో కూతురింటికి వచ్చేవాడు. ముసలి కుక్క పేరు మాస్. మన సినిమాల మాస్ కాదు, ఇంగ్లీషులో నాచు అని. అది లర్చర్ అని చెప్పాడు. లర్చర్ అంటే ఒక జాతి కాదు. గ్రేహౌండ్ లాంటి పరుగు కుక్కని, గొర్రెల కాపలా కుక్కతోనో గరుకు బొచ్చు టెర్రియర్‌తోనో కలిపితే పుట్టేది. పరుగు ఒకరి దగ్గర్నుంచి, బుద్ధి ఒకరి దగ్గర్నుంచి రావాలని ఆశ. ఎప్పుడూ ఆశపడ్డట్టు రాదు, అందుకే ఎంచుకోవడం కష్టం అనేవాడు.

దానితో ఆయనకి పని ఏమిటంటే కుందేళ్లు. ఆ దీవిలో కుందేళ్లు అక్కడి అడవివి కావు. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలేస్తే పెరిగిపోయాయి. గట్లన్నీ బొరియలు తవ్వేసేవి, ఆ బొరియల్లో కాలు పడి గొర్రెలు కాళ్లు విరగ్గొట్టుకునేవి. మందు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. ఏదో అనుమతి కాగితం తెచ్చుకుని, చిన్నప్పుడు వాళ్ల నాన్న చేసినట్టే ఫెర్రెట్లతో పట్టేవాడు. ఫెర్రెట్ అంటే మన ముంగిసకి దూరపు చుట్టంలా ఉంటుంది, తెల్లగా, పొడుగ్గా, ఘాటైన వాసనతో. బొరియల నోళ్ల మీద చిన్న వలలు పరుస్తారు. ఒక దాంట్లోంచి ఫెర్రెట్‌ని లోపలికి వదులుతారు. దాన్ని చూసి కుందేలు బయటికి దూకి వలలో పడుతుంది. వల తప్పించుకున్నదాన్ని కుక్క పట్టాలి. చెప్పుకోడానికి ఇంతే. కానీ ఆ కుక్క మొరగకూడదు. ఏ బొరియలో కుందేలు ఉందో ముక్కుతో కనిపెట్టి, ఊరికే నిలబడి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, బొరియలోంచి తెల్లటి తల బయటికి వస్తే అది కుందేలు కాదు, మన ఫెర్రెట్ అని తెలిసి, కదలకుండా ఉండాలి. చిన్నదీ వేగమైనదీ కనిపిస్తే తరమాలని ఒళ్లంతా లాగే జంతువు, ఒక్కదాన్ని మాత్రం వదిలేయాలి. ఎంత కష్టమో ఆలోచించండి.

మాస్ ఆ చలికాలంలోనే పోయింది. ఆయన్ని ఒంటరిగా ఉంచకూడదని కూతురు కుటుంబం దీవికి మారిపోవాలని నిర్ణయించుకుంది. కూతురు, అల్లుడు గ్రెగ్, ఆరేళ్ల మనవరాలు టెస్. అంటే కొత్త కుక్క గట్టు మీద పని చేయాలి, ఇంట్లో చిన్నపిల్ల పక్కన పడుకోవాలి, గూట్లో ఫెర్రెట్ల జోలికి పోకూడదు. "మీరు రండి డాక్టర్. నా కళ్లు మునుపటిలా లేవు" అన్నాడు హ్యూ. మురళి వద్దన్నాడు. "నీకెందుకీ తలనొప్పి? రేపేదన్నా అయితే మన మీదకొస్తుంది." అప్పుడు మా అత్తగారు, బియ్యంలో రాళ్లు ఏరుతున్నవారు, తలెత్తకుండానే అన్నారు. "ఏందిరా, చదువుకున్న పిల్ల ఒక కుక్కని చూసొస్తే కొంప మునుగుద్దా? పోయి రామ్మా. పిలగాణ్ణి నేను చూసుకుంటా." వాళ్ల నాన్న వేరుశనగ చేలల్లో కాపలాకి కుక్కని పెట్టుకునేవాడు, పిల్లలు తోక లాగినా ఊరుకునేదాన్నే ఏరి తెచ్చుకునేవాడు అని కూడా చెప్పారు. ఆవిడని చూసి నేను భయపడ్డందుకు సిగ్గేసింది.

కొండలు దాటి ఎలెన్స్‌బర్గ్ వైపు మూడు గంటల దారి. గ్రెగ్ డ్రైవ్ చేశాడు, ముందు హ్యూ, వెనక టెస్, నేను. కుక్కలు పెంచే ఆవిడ ఒక పాత కొట్టంలో ఎనిమిది తొమ్మిది నెలల పిల్లలు రెండు మిగిలాయని చూపించింది. ఒకటి మగది, పెద్దది, పులిచారలు, లోతైన ఛాతీ. పేరు డ్యూక్. మైదానంలో వదిలితే నేల తాకుతోందా లేదా అనిపించేలా పరిగెత్తింది. రెండోది ఆడది, మోకాలి ఎత్తు కన్నా కొంచెం ఎక్కువ, బూడిద రంగు, పీచులాంటి బొచ్చు, ఒక చెవి పైకి ఒక చెవి కిందకి. ఎవరూ అడగలేదట దాన్ని. గ్రెగ్ దానివైపు చూడనే లేదు.

నేను మట్టుకు రెండింటినీ ఒకేలా చూశాను. కాళ్లు, పాదాలు, పళ్లు. గిన్నె పడేసి చప్పుడు చేశాను. తింటున్నప్పుడు గిన్నె లాగాను. రెండూ నెగ్గాయి. టెస్‌ని దగ్గరికి పిలిస్తే డ్యూక్ వచ్చి పిల్ల భుజం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. ఆ పిల్ల అక్కడికక్కడే ప్రేమలో పడిపోయింది, దాని తప్పేముంది? ఆఖరికి, హ్యూ గారు వెంట తెచ్చిన పెట్టెని నేల మీద పెట్టించాను. అందులో ఫెర్రెట్. బూడిద కుక్క వచ్చి వాసన చూసింది, తుమ్మింది, పక్కకి వచ్చి హ్యూ మొహంలోకి చూసింది, ఇదేమిటి అన్నట్టు. డ్యూక్ వచ్చింది. మొరగలేదు, గుర్రుమనలేదు. పెట్టె ముందు బిగుసుకుపోయింది. రెప్ప వేయలేదు. వెనక తొడ మీద చర్మం సన్నగా వణికింది. పెట్టె ఎత్తేసి తీసుకెళ్లాక కూడా అది అదే చోటుని చూస్తూ నిలబడింది.

"చూశారా, ఎంత కామ్‌గా ఉందో" అన్నాడు గ్రెగ్.

"అది కామ్ కాదు" అన్నాను. "మనుషులతో మంచి కుక్కే. కానీ ఈ ఇంటికి పనికిరాదు. చిన్న జంతువు కదిలితే దానికి ఇంకేదీ కనిపించదు. ఆ చిన్నదాన్ని తీసుకోండి."

గ్రెగ్ నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు, అదే ఇంకా మంట. "ఏమీ అనుకోకండి, మీకు ఇక్కడ లైసెన్స్ లేదు కదా? అంటే, ఇక్కడ మీరు వెట్ కాదు. మీ ఊళ్లో ఆవుల్నీ వాటినీ చూసి ఉంటారు."

నేను హ్యూ వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. నన్ను డాక్టర్ అని పిలిచే ఒకే ఒక్క మనిషి ఈ దేశంలో. ఆయన టోపీ తీసి, తల తడుముకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "టెస్‌కి నచ్చింది కదా..." అన్నాడు, నేల చూస్తూ. రేపటినుంచి అల్లుడితో కలిసి ఉండాల్సిన మనిషి. ఇప్పుడైతే నాకు అర్థమవుతుంది. అప్పుడు అర్థం చేసుకోదలుచుకోలేదు.

తిరుగు దారిలో కొండ మీద పెట్రోల్ కోసం ఆగాం. గ్రెగ్ లోపలికి కాఫీకి వెళ్లాడు. టెస్ నిద్రపోయింది, దాని ఒళ్లో డ్యూక్ తల. హ్యూ సీట్లోంచి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "డాక్టర్, తీసుకోవడమైతే తీసుకున్నాం. మరి దీంతో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?"

నాకు తెలుసు ఏం చెప్పాలో. కొన్ని నెలలపాటు ఇనప జాలీ అవతలనుంచే ఫెర్రెట్‌ని చూపించండి. గూటికి తాళం వేయండి. పిల్ల చేతిలో ఫెర్రెట్ ఉండగా కుక్క అదే గదిలో ఎప్పుడూ, ఎప్పుడూ ఉండకూడదు. మూడు వాక్యాలు. గ్రెగ్ కాఫీ తెచ్చేలోపు అయిపోయేవి.

"నన్నడక్కండి. నాకు లైసెన్స్ లేదు" అన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నెల తిరిగింది. ఆలోగా వాళ్లంతా దీవికి మారిపోయారు. ఒక పొద్దున ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను, ఫోన్ మోగింది. హ్యూ. మాట తడబడుతోంది. టెస్ గూటి తలుపు తీసి ఫెర్రెట్‌ని స్వెటర్ లోపల దాచుకుని వంటింట్లోకి తెచ్చిందట, చలికి వణుకుతోందని. డ్యూక్ పొయ్యి పక్కన పడుకుని ఉంది. స్వెటర్ మెడలోంచి తెల్లటి తల బయటికి వచ్చింది. ఫెర్రెట్ అక్కడే చచ్చిపోయింది. మధ్యలో అడ్డొచ్చిన పిల్ల మోచేయి కింద కండ మణికట్టు దాకా చీలింది. ఆసుపత్రిలో కుట్లు వేస్తున్నారు, చెయ్యి బాగవుతుందన్నారు అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక నేను వెనక్కి తిరిగితే మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా, మంచి కబురా?" అన్నారు. అప్పటికిగానీ నాకు తెలియలేదు, నా మొహం మీద నవ్వు ఉందని. నా మాటే నిజమైంది. నేను డాక్టర్నే. ఆ పిల్ల చెయ్యి చీలిందని విన్న నోటితోనే నవ్వాను.

ఆ నవ్వుకి రెండు రోజుల్లోనే బదులొచ్చింది. కౌంటీనుంచి, అంటే మన జిల్లా ఆఫీసు లాంటిదాన్నుంచి, ఫోన్. కుక్క కరిచిన కేసులు చూసే ఆఫీసర్ ఒకావిడ. కుక్కని కొనే ముందు ఒక వెటర్నరీ డాక్టర్ పరీక్ష చేసి పిల్లలకి ప్రమాదం లేదని చెప్పారని కుటుంబం తరపున రాసిచ్చారు, అందులో మీ పేరుంది, లైసెన్స్ లేకుండా వైద్యం చేస్తున్నారా అని అడగాల్సి ఉంది, ఇంటికి వస్తాం అన్నారు. రాసిచ్చినవాడు గ్రెగ్. నువ్వు డాక్టర్‌వి కాదని మొహం మీద అన్న మనిషి, తన చెయ్యి దులుపుకోవాల్సి వచ్చేసరికి నన్ను డాక్టర్ని చేసేశాడు. నోరు మూయించాలంటే నా డిగ్రీ చెల్లదు, నింద మోయించాలంటే చెల్లుతుంది! ఈ రోజుకీ ఇది తలుచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

మురళి ఆఫీసునుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. షూస్ కూడా విప్పలేదు. "చెప్పానా లేదా? ఫైల్‌లో ఇది పడితే ఏంటి పరిస్థితి? నా జాబ్, వీసా, అభి స్కూల్... ఆలోచించావా?"

"నేనేం చేశాను? వద్దని చెప్పాను."

"ఎవరు నమ్ముతారు? అసలు వెళ్లకపోతే ఈ గొడవే లేదు కదా!"

"నోరుముయ్యరా" అన్నారు మా అత్తగారు. నేను ఎప్పుడూ వినని గొంతు. "అది వద్దంది. వాళ్లు తెచ్చుకున్నారు. తప్పు వాళ్లది పెట్టుకుని పెళ్లాన్ని గదమాయిస్తావా? వచ్చే ఆమెతో ఏం మాట్లాడాలో అది మాట్లాడుద్ది. నువ్వు పోయి కాళ్లు కడుక్కో."

ఆఫీసర్ నడివయసు మనిషి, వాన కోటు మీద నీళ్లు కారుతున్నాయి. మా అత్తగారు ఏమీ అడక్కుండా కాఫీ తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. వైద్యం చేయలేదు, ఫీజు తీసుకోలేదు, ఆ కుక్క వద్దన్నాను. పెట్రోల్ బంక్ దగ్గర అడిగినప్పుడు జవాబు చెప్పలేదన్నదీ చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి నన్ను చూసింది. "అది నేరం కాదు. దాన్ని రాయక్కర్లేదు" అంది. అంతకుముందే హ్యూ తనంతట తను వాళ్ల ఆఫీసుకి వెళ్లి, "ఆవిడ వద్దంది, నేను వినలేదు, మా అల్లుడు రాసింది అబద్ధం" అని చెప్పి సంతకం పెట్టాడట. కేసు అక్కడితో అయిపోయింది. మురళి ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే "సారీ" అన్నాడు, కంచంలోకి చూస్తూ.  దానికి నేను జవాబు చాలా రోజుల తర్వాత ఇచ్చాను.

కేసు అయిపోయింది కానీ కుక్క ఉంది కదా. కరిచిన కుక్కని పది రోజులు విడిగా ఉంచి చూస్తారు. ఆ పది రోజుల్లో ఎలెన్స్‌బర్గ్ ఆవిడకి నేనే ఫోన్ చేశాను. నిక్షేపంలా వెనక్కి తీసుకుంటాను, చుట్టూ మైదానమే, ఇక్కడ పిల్లలూ లేరు ఫెర్రెట్లూ లేవు అందావిడ. కౌంటీ వాళ్లు యజమాని ఒప్పుకుంటే సరేనన్నారు. కాగితాల ప్రకారం యజమాని గ్రెగ్. ఫోన్ చేసి బతిమాలాను. అవును, ఆ మనిషిని బతిమాలాను. "అది దాని పుట్టుక. చేయకూడనిదేదీ చేయలేదు. పిల్లని కరవాలని కరవలేదు" అన్నాను.

"నా కూతురి చెయ్యి చూశారా మీరు?" అన్నాడు.

చూడలేదన్నాను. ఫోన్ పెట్టేశాడు. పదకొండో రోజున సంతకం పెట్టి డ్యూక్‌ని సూది మందుతో చంపించాడు. ఏడాది కూడా నిండలేదు దానికి. ఎవరు తప్పుగా ఎంచుకున్నారు, ఎవరు అడ్డు చెప్పలేదు, ఎవరు నోరు కుట్టేసుకుని కిటికీ వైపు తిరిగారు? వాళ్లందరికీ క్షమాపణలు దొరికాయి, కాఫీలు దొరికాయి. శిక్ష మాత్రం ఎంచుకోమని అడగని జీవికి పడింది.

హ్యూ ఒక్కడే బస్సులు మారి ఎలెన్స్‌బర్గ్ వెళ్లి, ఇంకా ఎవరూ అడగని ఆ బూడిద కుక్కని తెచ్చుకున్నాడు. నెల్ అని పేరు పెట్టాడు. మా ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే టోపీ తీసి, "ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సింది" అన్నాడు. "నేనూ" అన్నాను. పెట్రోల్ బంక్ సంగతి ఎత్తాను. "మీకు కోపం వచ్చింది. నాకైనా వచ్చేది" అన్నాడు. పెద్ద మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం అది సరిపోలేదు, ఇప్పటికీ సరిపోదు.

హెచ్-ఫోర్ వాళ్లలో కొందరికి పని చేసుకునే పర్మిట్ ఇస్తున్నారని వార్త వచ్చేనాటికి మాకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది. విదేశాల్లో చదివిన పశువైద్యులకి పెట్టే పరీక్షలు అప్పటికే రాస్తున్నాను. ఒకటి తప్పి మళ్లీ రాశాను. అభి హైస్కూల్‌కి వచ్చాక నా పేరు పక్కన మళ్లీ డాక్టర్ అన్న అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు నా మాటకి విలువుంది, సలహాకి ఫీజుంది. వింటారా అంటే, అప్పుడు లైసెన్స్ లేదని వినలేదు, ఇప్పుడు ఫోన్‌లో వేరేలా ఉందని వినరు. ఒకటే మార్పు. ఎవరు నన్ను ఎంత చిన్నబుచ్చినా, చెప్పాల్సింది చెప్పకుండా ఎవరినీ నా ముందునుంచి వెళ్లనివ్వను. పార్కింగ్ లాట్ దాకా వెంటపడి చెబుతాను. మొన్న వచ్చిన ఆ పిల్లలకీ అలాగే చెప్పాను, కొంచెం ఎక్కువ గట్టిగా.

డ్యూక్ పోయిన ఆ వసంతంలోనే ఒకసారి హ్యూ పిలిస్తే అభినీ అత్తగారినీ తీసుకుని దీవికి వెళ్లాను. గ్రెగ్ ఊళ్లో లేడు, అందుకే వెళ్లాను. గట్టు మీద వలలు పరిచారు. నెల్ బొరియల మధ్య ముక్కు ఆనించి నడిచి, ఒక చోట ఆగి, అలా నిలబడిపోయింది. హ్యూ కొత్త ఫెర్రెట్‌ని లోపలికి వదిలాడు. నేల లోపల దడదడ చప్పుడు, ఒక కుందేలు వలలో పడింది, ఇంకొకటి తప్పించుకుంది. నెల్ పది గజాల్లో దాన్ని అందుకుని, ప్రాణంతోనే తెచ్చి ముసలాయన చేతిలో పెట్టింది. తర్వాత బొరియలోంచి తెల్లటి తల బయటికి వచ్చింది. నెల్ మొహం పక్కకి తిప్పుకుంది. "బంగారుతల్లే!" అన్నారు మా అత్తగారు, శాలువా కప్పుకుని గడ్డిలో కూర్చుని.

టెస్ నా పక్కనే నిలబడి ఉంది. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గులాబి రంగు గీత కనిపిస్తోంది. నెల్‌ని చూస్తూనే అడిగింది.

"డ్యూక్ చెడ్డ కుక్కా?"

"కాదు" అన్నాను. "డ్యూక్ మంచి కుక్క. మేం పెద్దవాళ్లం తప్పు చేశాం."

ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మరి దాన్నెందుకు చంపారు?"

నేను డాక్టర్ని. అన్ని ప్రశ్నలకీ జవాబు తెలుసన్న పొగరుతో ఆ కొట్టంలో నిలబడ్డదాన్ని. హ్యూ వలలు చుట్టడం ఆపి నా వైపు చూశాడు, ఏం చెబుతానోనని. నేను ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, నిజమే చెప్పాను. "మీ తాతయ్య అడిగినప్పుడు నేను చెప్పాల్సింది చెప్పలేదు. నాకు కోపం వచ్చింది, అందుకు."

 టెస్ ఏడవలేదు, సరేననలేదు. వెళ్లి నెల్ పక్కన కూర్చుంది.